లార్తీగ్ ఆల్బమ్‌లు

‘అమెచ్యూర్’ అనగానే ‘పని సరిగా రానివాడు’ అనే అర్థమే మనకి ముందు తడుతుంది. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకి లాటిన్ మూలం ‘ప్రేమించడం’. మన ‘ఔత్సాహికుడి’లోనూ ఉత్సాహమే కదా ఉంది! ఆ అర్థానికి నిలువెత్తు ఉదాహరణ ఫ్రాన్స్‌కి చెందిన జాక్ ఆన్రీ లార్తీగ్ (1894–1986).

అంతకుముందు ఫొటో అంటే ఎక్కువమందికి స్టూడియోలో బిగుసుకుని కూర్చోవడమే. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. వంద ఫొటోలు తీసేసి కెమెరాని కంపెనీకి పంపిస్తే, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవాళ్ళు. 1900లో ఒక డాలరుకే బ్రౌనీ వచ్చింది. దాంతో ఇళ్ళలోని అల్లరి కూడా ఫొటోలకెక్కింది.

లార్తీగ్‌కి 1902లో వాళ్ళ నాన్న కెమెరా ఇచ్చాడు. గాజు ప్లేట్లతో పనిచేసే చెక్క కెమెరా అది. పిల్లాడు తీసిందంతా ఇంట్లోవాళ్ళనే. మెట్ల మీంచి దూకుతూ గాల్లో తేలుతున్న కజిన్ బిషొనాద్ (1905), సొంతంగా చేసుకున్న గ్లైడర్లతో ఎగరాలని చూసే అన్న జిసూ. పెద్దయ్యాక కూడా తను చిత్రకారుణ్ణనే అనుకున్నాడు. ఫొటోలు మాత్రం సొంత సంతోషం కోసం.

నాకు ఆ ఫొటోల కంటే వాటితో అతను గడిపిన సమయం ముఖ్యమనిపిస్తుంది. ఆ రోజు వాతావరణం, తీసిన ఫొటోల చిన్న చిన్న స్కెచ్‌లు డైరీలో వేసుకునేవాడు. ప్రింట్లు అంటించి వందకు పైగా ఆల్బమ్‌లు తయారుచేశాడు.

1963లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో జాన్ సార్కోవ్‌స్కీ ఈ ఫొటోలతో ప్రదర్శన పెట్టాడు. అప్పటికి లార్తీగ్‌కి 69 ఏళ్ళు. ఇంటి ఆల్బమ్ ఒక కాలానికి సాక్ష్యమైంది. అయితే అది సంపన్నుల సంతోషానికే సాక్ష్యం. అదే కాలపు పేదరికం, యుద్ధాలు అందులో చాలా తక్కువ. ప్రేమతో దాచుకున్న జ్ఞాపకానికి ఆ పరిమితి తప్పదేమో.

ఇవాళ మన ఫోన్లలో వేల ఫొటోలున్నాయి, బ్యాకప్ కూడా ఉంది. కానీ వాటిలో ఎన్నింటిని మళ్ళీ తెరిచి చూశాం? బ్యాకప్ ఫైల్ని కాపాడుతుంది. అందులో పక్కన నిలబడ్డ పెద్దావిడ ఎవరో, అందరూ ఎందుకు అంతలా నవ్వుతున్నారో చెప్పదు. అది మనమే రాయాలి. ఈ ఆదివారం ఓ పది ఫొటోలు ప్రింటు వేయించి, వెనకాల పేర్లు, తేదీ, ఆ నవ్వుకి కారణం రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండగానే.