సయాటికా: మంచం పడితే తగ్గని నొప్పి

నడుములో మొదలై పిరుదు, తొడ వెనుక భాగం, పిక్క మీదుగా పాదం వరకు, సాధారణంగా ఒకే కాలిలో సాగే నొప్పిని సయాటికా అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. కాలు ఈడ్చే రోగి నడక గద్ద నడకను పోలి ఉంటుందని ఆ పేరు పెట్టారు. గుడియాత్తంలో గుంట మగ్గంపై కూర్చునే నేతగాళ్ళకు, చేట ఒడిలో పెట్టుకొని గంటల తరబడి బీడీలు చుట్టే స్త్రీలకు, ఆంబూరు, వాణియంబాడి తోలు కర్మాగారాలలో బరువులెత్తే కూలీలకు నడుము పట్టిందంటే ఆ ఇంటి రాబడి నిలిచిపోయినట్లే.

నడుము దిగువ నుండి వెలువడే ఐదు నాడీ మూలాలు కలిసి తుంటి నరంగా ఏర్పడతాయి. శరీరంలోకెల్లా లావైన నరం ఇదే. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులోని గుజ్జు వెలుపలికి పొడుచుకొని వచ్చి ఆ మూలాలలో ఒకదానిని నొక్కడమే ఎక్కువ మందిలో నొప్పికి కారణం. ఈ సంగతిని 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా వైద్యులు వివరించారు. ‘డిస్కు జారింది’ అనడం వాడుకే గాని, నిజానికి అది జారదు. కనుక వీపు తొక్కించి దానిని తిరిగి కూర్చోబెట్టడం సాధ్యం కాదు. అలా తొక్కించడం ప్రమాదకరం కూడా. వెలికి వచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. అధిక సంఖ్యాకులకు 6 నుండి 12 వారాలలో శస్త్రచికిత్స లేకుండానే ఉపశమనం కలుగుతుంది.

పూర్వం వారాల తరబడి చెక్క బల్లపై పడుకోబెట్టేవారు. నేటి వైద్యం దానిని సమర్థించదు. ఒకటి రెండు రోజులకు మించిన విశ్రాంతి కండరాలను బలహీనపరుస్తుంది. ఓర్చుకోగలిగినంత నడవడమే మేలు.

1956లో న్యూజిలాండ్‌లో ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్లపై పొరపాటున బోర్లా పడుకోగా కాలి నొప్పి తగ్గిపోయింది. దానిని గమనించిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ పేరుతోనే ఆ వ్యాయామ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. రోగి మొదట రెండు మూడు నిమిషాలు బోర్లా పడుకోవాలి. పిదప మోచేతులపై ఆనాలి. అది సుఖంగా ఉంటే అరచేతులతో ఛాతీని పైకెత్తాలి. నడుము మాత్రం వదులుగా నేలకు ఆని ఉండాలి. ఇక్కడే చాలామంది భయపడి మానివేస్తారు. పాదంలోని నొప్పి పిక్కకు, తొడకు, అక్కడి నుండి నడుముకు ఎక్కుతూ ఉంటే, నడుము నొప్పి కొంత పెరిగినా, అది మంచి సూచనే. నొప్పి కిందికి దిగుతుంటే వెంటనే ఆపాలి. నడిస్తే నొప్పి పెరిగి, ముందుకు వంగితే తగ్గే వృద్ధులలో వెన్ను కాలువ ఇరుకై ఉండవచ్చు. వారికి ఈ వ్యాయామం సాధారణంగా సరిపడదు. అందుకే తొలిసారి ఫిజియోథెరపిస్టు ఎదుట చేయడం అవసరం.

ఈ చికిత్సకు వేలూరు పాత చిరునామా. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీ నుండే శస్త్రచికిత్సలు చేసి, అనంతరం సి.ఎం.సి.లో ఫిజికల్ మెడిసిన్ విభాగానికి నేతృత్వం వహించారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం వెలసింది. అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది.

పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, జ్వరం తోడైనా, కాలి బలం రోజురోజుకూ తగ్గుతున్నా వ్యాయామాలు ఆపి వైద్యుని చూడాలి. మలమూత్రాలపై అదుపు తప్పినా, మూత్రం బిగిసినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అది అత్యవసర స్థితి. చెప్పుకోవడానికి సిగ్గుపడి తెల్లవారే వరకు ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.