అనితా మూయి: మరణానంతర స్మరణ

అనితా మూయి (1963–2003) హాంకాంగ్‌కు చెందిన పాప్ గాయని, నటి. కాంటొనీస్ భాషలో ఆమె పేరు మూయి యిమ్ ఫాంగ్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 2003 డిసెంబర్ 30 తెల్లవారుజామున నలభయ్యో ఏట కన్నుమూసింది. బతికుండగా అభిమానులు ఆమెను ‘మూయి అక్క’ అని పిలుచుకున్నారు. పోయాక ‘హాంకాంగ్ కూతురు’ అన్న పేరు స్థిరపడింది. జాకీ చాన్ సినిమాలు ఇష్టపడే తెలుగువాళ్లు పేరు తెలియకుండానే ఆమెను చూసి ఉంటారు. 1994లో వచ్చిన ‘డ్రంకెన్ మాస్టర్ 2’లో జాకీ చాన్‌కు సవతి తల్లిగా వేసి నవ్వులు పండించినది ఈమే. నిజజీవితంలో ఆమె అతనికంటే తొమ్మిదేళ్లు చిన్నది.

చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి నడిపే పాటల బృందంతో కలిసి అయిదేళ్లయినా నిండకముందే లాయ్ చీ కోక్ వినోద ఉద్యానంలో వేదికెక్కింది. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

1982లో ఒక టీవీ సంస్థ, ఒక రికార్డింగ్ కంపెనీ కలిసి తొలిసారి నిర్వహించిన నవగాయకుల పోటీలో మూడు వేలమందికి పైగా పోటీపడగా ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. అప్పటికి పద్దెనిమిదేళ్లే అయినా వేదిక అనుభవం పదమూడేళ్లకు పైమాటే. ఆ రాత్రి ఆమె పాడినది పౌలా చూయి పాట. గొంతు లోతుగా, కాస్త బొంగురుగా, ఆడగొంతుకన్నా ఒక మెట్టు కింద పలికేది. అప్పట్లో గాయని అంటే తీయని సన్నని గొంతే అనుకునేవాళ్లకు ఇది కొత్త. 1985 నుంచి 1989 వరకు వరసగా అయిదేళ్లు ఉత్తమ గాయని పురస్కారం ఆమెదే. దుస్తుల రూపకర్త ఎడ్డీ లౌ ఆమెను ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో రూపంలో చూపించాడు: ఒకసారి మగవాడి కోటులో, ఒకసారి అరేబియా నర్తకిగా, ఒకసారి ఎర్రని పెదవుల మాయలాడిగా. 1987–88లో హంగ్ హోమ్‌లోని కొలీజియంలో వరసగా 28 రాత్రులు కచేరీ చేసింది. 1985లో వచ్చిన ‘బ్యాడ్ గర్ల్’ పాటను చైనా ప్రధాన భూభాగంలో నిషేధించారు. 1995లో గ్వాంగ్‌జౌ వేదిక మీద ఆమె అదే పాట పాడి అధికారుల ఆగ్రహానికి గురైంది.

అభిమానుల చరిత్రలో 1989కి ప్రత్యేక స్థానం ఉంది. ఆ ఏడాది ఒకే జపాన్ బాణీకి రెండు కాంటొనీస్ పాటలు వచ్చాయి. ఒకటి అనితా పాడిన ‘సాయంసంధ్య పాట’, రెండోది ప్రిసిల్లా చాన్ పాడినది. ఏడాది మేటి పాటగా అనితా పాట ఎంపికవడంతో రెండు వర్గాల అభిమానుల మధ్య వాదాలు రేగాయి. మరుసటి ఏడాది తన పుట్టినరోజున, ఇకమీదట పోటీ పురస్కారాలు తీసుకోనని ఆమె ప్రకటించింది. పేరు శిఖరాన ఉండగా ఆ నిర్ణయం తీసుకోవడం ఆ రంగంలో అరుదు. కొత్తవాళ్లకు దారి ఇవ్వాలన్నదే ఆమె ఉద్దేశమని అభిమానులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. గ్రాస్‌హాపర్ బృందం, ఆండీ హుయి, డెనిస్ హో ఆమె చేయిపట్టుకుని పైకొచ్చినవారే.

సినిమాల్లో ఆమె ఖ్యాతికి ఆధారం ‘రూజ్’. స్టాన్లీ క్వాన్ దర్శకత్వంలో 1987లో తయారైన ఈ చిత్రంలో ఆమెది ఫ్లూర్ అనే వేశ్య పాత్ర. 1930లలో ప్రియుడితో కలిసి చావాలనుకుని నల్లమందు మింగుతుంది. ప్రియుడు పరలోకానికి రాకపోవడంతో 53 ఏళ్ల తర్వాత ఆత్మగా అతన్ని వెతుక్కుంటూ హాంకాంగ్‌కు తిరిగొస్తుంది. పత్రికాఫీసుకు వెళ్లి ప్రకటన వేయమని అడుగుతుంది. తను తిరిగిన వీధులు, నాటకశాలలు మాయమైపోయిన ఊళ్లో దారి తెలియక నిలబడుతుంది. తైవాన్ గోల్డెన్ హార్స్, హాంకాంగ్ ఫిల్మ్ అవార్డు రెండిట్లోనూ ఉత్తమ నటిగా ఆమెకే పట్టం కట్టారు. ప్రియుడిగా నటించినవాడు లెస్లీ చుంగ్. ఆమెకు ఆప్తమిత్రుడు, తనూ పాప్ గాయకుడే. తర్వాతి కాలంలో వాళ్లిద్దర్నీ తలచుకోవాలనుకున్న ప్రతివారూ ముందు చూసేది ఈ సినిమానే.

1989 మే 27న హ్యాపీ వ్యాలీ గుర్రప్పందాల మైదానంలో బీజింగ్ విద్యార్థులకు మద్దతుగా జరిగిన పన్నెండు గంటల కచేరీలో ఆమె పాల్గొంది. ఆ విద్యార్థుల ఉద్యమాన్ని తియానన్మెన్‌లో అణచివేసిన తర్వాత విద్యార్థి నాయకుల్ని రహస్యంగా సరిహద్దు దాటించిన ‘యెల్లోబర్డ్’ పనికి ఆమె డబ్బు సాయం చేసిందని, ఆమె మరణం తర్వాత ఆ పనిలో ఉన్నవారు వెల్లడించారు. తను చేసిన సాయాన్ని తనే చెప్పుకోకపోవడం ఆమె స్వభావం. 1993లో తన పేరున ఒక ధర్మసంస్థ పెట్టింది. 2002లో హాంకాంగ్ కళాకారుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది.

2003 హాంకాంగ్‌కు మరపురాని ఏడు. మార్చి నుంచి సార్స్ వ్యాధి ఊరిని చుట్టుముట్టింది. 1,755 మందికి సోకి 299 మందిని బలిగొంది. ఏప్రిల్ 1న లెస్లీ చుంగ్ ఒక హోటల్ పైఅంతస్తు నుంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు ఏడాదే ఆమె కచేరీకి అతిథిగా వచ్చి ఆమెతో కలిసి పాడాడు. మిత్రుడు పోయిన రెండు నెలలు తిరగకముందే, మే 24న, సార్స్ బాధిత కుటుంబాల కోసం కళాకారుల సంఘం తరఫున ఆమె ఒక పెద్ద కచేరీ ఏర్పాటు చేయించింది. అప్పటికే తన ఒంట్లో జబ్బు ఉందన్న సంగతి ప్రేక్షకులకు తెలియదు. సెప్టెంబర్ 5న విలేఖరులను పిలిచి తనకు క్యాన్సర్ అని ఆమే స్వయంగా ప్రకటించింది. ఆమె అక్క ఆన్ మూయి, ఆమె కూడా గాయనే, ఇదే జబ్బుతో 2000లో చనిపోయింది.

చికిత్స సాగుతుండగానే ఆమె కచేరీలు ప్రకటించింది. నవంబర్ 6 నుంచి 11 వరకు, మళ్లీ 14, 15 తేదీల్లో మొత్తం ఎనిమిది రాత్రులు కొలీజియంలో పాడింది. సుమారు 12,500 మంది పట్టే ఆ ప్రాంగణం నిండిపోయింది. మనిషి బాగా చిక్కిపోయినా పాటలు తగ్గించలేదు, వేషాలు తగ్గించలేదు. కచేరీ చివర తెల్లని పెళ్లి దుస్తుల్లో వేదిక మీదికి వచ్చింది. ఆ దుస్తుల రూపకర్త కూడా ఎడ్డీ లౌనే. తనకు పెళ్లి రాసిపెట్టిలేదని, అందుకే వేదికనూ ప్రేక్షకులనూ మనువాడుతున్నానని చెప్పింది. ఆఖరి పాటగా ఎంచుకున్నది ఒకనాడు అభిమానుల మధ్య తగవు పెట్టిన ఆ ‘సాయంసంధ్య పాట’. పాడాక పొడవాటి కొంగు ఈడ్చుకుంటూ మెట్లెక్కి, వెనక్కి తిరిగి చేయి ఊపి, తలుపు లోపలికి వెళ్లిపోయింది. ఆ దృశ్యం రికార్డు చూసిన ప్రతి అభిమానికీ కంఠతా వచ్చు. జీవితంలో ఆమె చేసిన సొంత కచేరీల సంఖ్య మూడు వందలకు చేరువ. జనం ముందుగా చెప్పేది మాత్రం ఈ ఎనిమిది గురించే.

ఆ తర్వాత ఆమె బతికింది ఆరున్నర వారాలు.

2004 జనవరి 11న నార్త్ పాయింట్‌లోని అంత్యక్రియల భవనంలో భౌతికకాయాన్ని ఉంచి రాత్రి జాగరం చేశారు. వీధికి అడ్డంగా పోలీసులు కట్టిన కంచెల వెనక చలిలో వేలమంది నిలబడ్డారు. ఆమెతో పాటే ఎదిగిన నలభైల్లోని గుమాస్తాలు, కార్మికులు, ఇల్లాళ్లు వచ్చారు. చైనా నుంచీ ఆగ్నేయాసియా నుంచీ వచ్చినవారూ ఉన్నారు. మర్నాడు కేప్ కొలిన్సన్‌లో దహనం జరిగింది. అస్థికలను లాన్టావ్ ద్వీపంలోని పో లిన్ బౌద్ధ మఠంలో ఉంచారు. సినీతారల మరణాలు ఆ ఊరికి కొత్తకాదు. ఈ మరణానికి ఇంత పెద్ద సంతాపం ఎందుకంటే, వినోద ఉద్యానంలో పాడిన పేదపిల్ల స్వయంకృషితో పైకొచ్చిన కథలో హాంకాంగ్ వాసులు తమ కథే చూసుకున్నారు. సార్స్ ఏడాదిలో పోగొట్టుకున్నదంతా ఆ చలిరాత్రి ఒక్కసారి కన్నీరై వచ్చింది. లెస్లీ కోసం ఏడ్చినవారే ఆమె కోసమూ ఏడ్చారు.

స్మరణలో తొలి గొప్ప చర్య ఒక దర్శకుడిది. జాంగ్ యిమో తీస్తున్న ‘హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్’లో ఆమెకు ముఖ్యపాత్ర కేటాయించారు. జబ్బు వల్ల ఆమె ఒక్క షాటూ చేయలేకపోయింది. ఆ పాత్రకు మరొకరిని తీసుకోవడానికి జాంగ్ ఒప్పుకోక కథనే మార్చాడు. 2004లో విడుదలైన ఆ సినిమాను ఆమెకు అంకితం ఇచ్చాడు. అదే ఏడాది మార్చిలో హాంకాంగ్ ఆరోగ్య శాఖ, ఆమె ప్రాణం తీసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్షల పథకాన్ని నగరమంతటా ప్రారంభించింది. 2005లో తపాలా శాఖ అయిదుగురు దివంగత గాయకుల పేరిట బిళ్లలు తెచ్చింది. వోంగ్ కా కూయి, డానీ చాన్, రోమన్ టామ్, లెస్లీ చుంగ్‌ల సరసన ఉన్న ఏకైక స్త్రీ అనితా.

ఆ తర్వాతి ఏళ్లలో వార్తలకెక్కింది ఎక్కువగా ఆస్తి తగాదా. తల్లికి నెలవారీ భత్యం ఏర్పాటుచేసి మిగిలిన ఆస్తిలో సింహభాగాన్ని ఒక బౌద్ధ సంస్థకు రాసిన వీలునామాను తల్లి సవాలు చేసింది. కేసు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది, 2011లో అక్కడ తల్లి ఓడిపోయింది.

అభిమానులు ఈ గొడవకు దూరంగా తమ పని తాము చేసుకుపోయారు. పుట్టినరోజైన అక్టోబర్ 10న, వర్ధంతి అయిన డిసెంబర్ 30న కలుసుకోవడం, పూలు పెట్టడం, ఆమె పేరిట దానాలు చేయడం ఏటా ఆగలేదు. దానం ఈ స్మరణలో విడదీయరాని భాగం. ఆమె ఎలా బతికిందో అలాగే తలచుకోవాలన్నది వాళ్ల పట్టుదల. పదో వర్ధంతినాడు, 2013 డిసెంబర్ 30న, ఆమె ఆఖరిసారి పాడిన కొలీజియంలోనే స్మారక కచేరీ జరిగింది. 2014 జూలైలో చిమ్ షా చూయి తీరాన తారల వీధిలో ‘హాంకాంగ్ కూతురు’ పేరుతో కంచు విగ్రహం వెలిసింది. దాని వెనక ఉన్నది అభిమానుల ఏళ్ల శ్రమ. తొమ్మిదేళ్ల ముందే బ్రూస్ లీ విగ్రహం పెట్టిన చోటు అది. మరమ్మతుల కోసం ఆ వీధిని మూసినప్పుడు విగ్రహాన్ని పక్కనున్న తోటలో ఉంచి, 2019లో వీధి తెరిచాక తిరిగి తెచ్చారు.

తెరమీద ఆమె జీవితకథ రెండుసార్లు ప్రముఖంగా వచ్చింది. 2007లో ఒక టీవీ ధారావాహిక వచ్చింది. 2021 నవంబర్ 12న లాంగ్‌మన్ లెయుంగ్ దర్శకత్వంలో ‘అనితా’ విడుదలైంది. అంతకుముందు సినిమా అనుభవం లేని మోడల్ లూయీస్ వోంగ్ నాయికగా వేసి ఉత్తమ నూతన నటి పురస్కారం గెలుచుకుంది. అక్క ఆన్ పాత్రకు ఫిష్ లియూ ఉత్తమ సహాయనటి అయింది. హాంకాంగ్‌లోనే వసూళ్లు 6 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటాయి. ఎనభైల నాటి వీధులను, నియాన్ దీపాలను తిరిగి నిర్మించిన తీరు చూసి పెద్దవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమెను ఎప్పుడూ వేదిక మీద చూడని ఇరవైల్లోని పిల్లలు ఆ సినిమాతో కొత్త అభిమానులయ్యారు. అయితే 1989 నాటి ఆమె పాత్రను సినిమా వదిలేసింది. ప్రధాన భూభాగంలో కూడా విడుదలైన సినిమా అది. ఆ ఖాళీని గమనించినవారు ఆ రోజుల సంగతులు తమ పిల్లలకు తామే చెప్పుకున్నారు. శిష్యురాలు డెనిస్ హో ప్రజాస్వామ్య ఉద్యమంలో నిలబడినప్పుడు గురువు పేరు చెప్పడం కూడా ఆ స్మరణలో భాగమే.

ఇరవయ్యో వర్ధంతికి ప్రభుత్వం ముందుకొచ్చింది. షా టిన్‌లోని హాంకాంగ్ హెరిటేజ్ మ్యూజియంలో 2023 డిసెంబర్‌లో ఆమె దుస్తులు, పురస్కారాలు, రికార్డులతో ప్రత్యేక ప్రదర్శన మొదలై 2024లో కొనసాగింది. అదే మ్యూజియం 2023లోనే లెస్లీ చుంగ్ పేరిట కూడా ప్రదర్శన పెట్టింది. మ్యూజియం చేసిన పని మెచ్చదగ్గదే. కానీ ఆమె పేరు ఇరవై ఏళ్లు నిలబడడానికి కారణం మ్యూజియం కాదు, జీతం భత్యం లేకుండా ఏటా రెండు తేదీలు మరవకుండా వచ్చిన మామూలు మనుషులు.

పో లిన్ మఠానికి ఇప్పటికీ అభిమానులు వెళ్తున్నారు. ఆమెను కొత్తగా తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకులు ‘రూజ్’తో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో పునరుద్ధరించిన ప్రతి 2022 నుంచి దొరుకుతోంది. ఆ తర్వాత 2003 నవంబర్ కచేరీ రికార్డింగు చూస్తే, జనం ఆమెను ఎందుకు మరవలేదో అర్థమవుతుంది.