గాలి టైరు, చక్రపు పొందిక

కారు టైరు ఒకవైపే అరిగిపోయినప్పుడు తప్పు టైరుదేయని తలచుట మనకు వాడుక. క్రొత్త టైరు కొని తొడిగింతుము. కొన్ని మాసములలోనే అదియు ఆ వైపుననే అరుగును. నిజమునకు టైరు సాక్షి మాత్రమే కాని ముద్దాయి కాదు. నేరము చక్రము నిలిచిన తీరులో నున్నదని తెలియుటకు చాలకాలము పట్టినది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచితిమి.

చక్రపు పొందిక గుర్రపుబండ్ల నాటి విద్య. మ్యూనిక్ నగరమున బండ్లు కట్టు లాంకెన్‌స్పెర్గర్ అను నతడు, ముందు ఇరుసు అంతయు తిరుగనక్కర లేకుండ, చక్రములు వేర్వేరు కీళ్లపై తిరుగు ఏర్పాటు కల్పించెను. దానికి 1818లో లండనులో ఆకర్‌మన్ పేటెంటు పొందెను. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమును, వెలుపలి చక్రము పెద్ద వలయమును గీయును. కావున రెండును ఒకే కోణమున తిరుగరాదు. నేటి కారు స్టీరింగుకును మూలమిదియే.

గాలి నింపిన టైరుకు స్కాట్లండు దేశీయుడగు థామ్సన్ 1845లోనే పేటెంటు తీసికొనినను అది మరుగున పడినది. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలుకై దానిని మరల కనిపెట్టెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయివచ్చు పందెములో గాలి టైర్ల కారును నడిపిరి. దారిపొడుగున పంక్చర్లే, అయినను కారును గాలి మోయగలదని రుజువైనది.

ఆనాటి టైర్లు సన్నవి. గాలి మిక్కిలి బిగువుగా నింపవలసి యుండెడిది. 1923లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ వెడల్పైన 'బెలూన్' టైర్లను తెచ్చినది. గాలి ఒత్తిడి తక్కువ, మెత్తదనము ఎక్కువ. కొనువారు సంతసించిరి. కాని దానితో వింత జబ్బొకటి బయలుదేరినది. వేగముగ పోవు కారు ముందు చక్రములు ఉన్నట్టుండి కుడియెడమలకు గడగడ వణకసాగినవి. స్టీరింగు చేతిలో నిలిచెడిది కాదు. దీనిని అమెరికనులు 'షిమ్మీ' యనిరి. కారణమేమి? ముందు చక్రములు రెంటిని ఒకే ఇరుసు కలుపుచుండెను. ఒకటి గుంటలో దిగినచో రెండవదియు ఒరుగును. వేగముగ తిరుగు చక్రము బొంగరము వంటిది. ఒరిగించినచో ప్రక్కకు తిరుగ జూచును. మెత్తని టైరు ఆ ఊపును అణచుటకు మారు పెంచినది. టైరు మారినది, ఇరుసు మారలేదు: చిక్కంతయు ఇందే యున్నది.

ఈ చిక్కును విప్పినవారిలో మారిస్ ఆలీ ముఖ్యుడు. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి 1930లో కాడిలాక్ సంస్థకు వచ్చిన ఇంజనీరు. ఏడుగురు కూర్చుండదగిన పెద్ద కారుకు ముందు వెనుకల జరుపదగిన బరువులు కట్టి, ఏ అమరికలో ప్రయాణము హాయిగ నుండునో పరీక్షించెను. ముందు స్ప్రింగులు వెనుకవానికన్న మెత్తగ నుండవలెనని తేలినది. కాని ఒకే ఇరుసు నుంచి స్ప్రింగులను మెత్తబరచినచో షిమ్మీ ఇంకను హెచ్చును. కావున ఆ ఇరుసునే తీసివేసి, చక్రములను దేనికది విడిగ అమర్చవలసి వచ్చినది. ఇటలీలో లాన్సియా లాంబ్డా కారు 1922లోనే ఈ త్రోవ త్రొక్కినది. 1934 నాటి జనరల్ మోటార్సు కార్లతో అమెరికాలో ఇది వ్యాపించినది.

మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొంది, 1949లో విక్రయింప నారంభించినది. దీని ప్రక్కలు మెత్తన, నేలనంటు పట్టీ గట్టి. టైరు ఆయువును, రోడ్డుపై పట్టును పెరిగినవి. అయినను పాతరకమునకై కట్టిన కార్లకు తొడిగినప్పుడు తక్కువ వేగమున కుదుపు తెలిసెడిది. మరల స్ప్రింగులను, రబ్బరు బుష్షులను సవరింపవలసి వచ్చినది. ఒకే ఇరుసుకు ఆ రకము నొకటి, ఈ రకము నొకటి తొడుగుట నేటికిని అపాయకరమే.

వెడల్పు టైర్లు వేయించువారు, స్ప్రింగులు మార్చి కారును క్రిందికి దింపించువారు ఈ చరిత్రను గుర్తుంచుకొనవలెను. కారు ఎత్తు మారినచో చక్రపు కోణములును మారును. 26 అంగుళముల టైర్ల ముందు అంచుల నడిమి దూరమునకును, వెనుక అంచుల నడిమి దూరమునకును ఉండవలసిన తేడా అంగుళములో ఎనిమిదవ వంతు తప్పినదనుకొందము. అంతమాత్రమునకే రెండు చక్రములు కలిసి మైలుకు సుమారు 25 అడుగులు ప్రక్కకు ఈడ్చబడినట్లగును. వేయి మైళ్లకు ఇది దాదాపు అయిదు మైళ్లు! ఆ రాపిడిలో కరగునది మన సొమ్ము. వానలో జారునది మన కారు.

పూర్వము సుద్దముక్కతో, కొలకర్రతో చూచిన ఈ కొలతను నేడు కెమెరాలతో చూచుచున్నారు. సూత్రము మారలేదు. టైరు ముఖముపై అరచేతిని అడ్డముగ రాచి చూడుడు. ఒకవైపుకు నున్నగను, ఎదురువైపుకు రంపపు పళ్లవలెను తగిలినచో ముందు గాలిని, కీళ్ల వదులును సరిచూపించి, పిమ్మట ఎలైన్‌మెంటు చేయింపుడు. క్రొత్త టైరు కొనుట ఆ తరువాతి మాట.