నాస్తికుడూ భక్తుడూ: సేవాగ్రాం పాఠం

నాస్తికుడంటే నీతి లేనివాడనీ, భక్తుడంటే బుద్ధి లేనివాడనీ రెండు దురభిప్రాయాలు మన సమాజంలో పాతుకుపోయి వున్నవి. మొదటిది పురాణ కాలక్షేపాల్లో వినిపిస్తుంది. రెండవది మన సభల్లోనే వినిపిస్తుంది. ఈ రెంటివల్ల బాగుపడేది, పీడితులు ఏకం కారాదని కోరేవారు మాత్రమే.

చరిత్ర ఏమంటున్నదో చూద్దాం. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తుండిన గోపరాజు రామచంద్రరావు (గోరా), నాస్తిక భావాలు ప్రకటించినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. దేవుడు లేడని చెప్పి ఊరుకోక, అంటరానితనాన్ని ఎదిరించి సహపంక్తి భోజనాలు నడిపించారు. ఆ కృషే ఆయనను 1944లో సేవాగ్రాంలో గాంధీజీ ఎదుట కూర్చోబెట్టింది.

ఆ చర్చల్లో ఎవరూ తమ విశ్వాసం విడువలేదు. మరి ఫలితమేమిటి? గోరా తన కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వదలచినప్పుడు, ఆ పెళ్ళి సేవాగ్రాంలో జరిపిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. ప్రమాణంలో దైవానికి బదులు సత్యాన్ని నిలపడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హతులైనారు. చంపినవాడు నాస్తికుడు కాడు, మతాభిమాని. అయినా మార్చి 13న ఆ పెళ్ళి అక్కడే జరిగింది. గోరా రాసిన ఆ చర్చల గ్రంథాన్ని 1951లో అచ్చువేసింది గాంధీజీ నెలకొల్పిన నవజీవన్ సంస్థే.

ఇది రాజీ అనగలమా? కాదు. వర్ణాన్ని గురించీ, ధర్మకర్తృత్వాన్ని గురించీ గాంధీజీ చెప్పినవాటితో మనకు పేచీ వుండనే వున్నది. కాని ఎదుటివాణ్ణి అతని నమ్మకంతో గాక, అతని ఆచరణతో తూచడమనే పద్ధతి ఇక్కడ కనిపిస్తుంది.

మన తెలంగాణకు ఇది కొత్త కాదు. 1946-51 పోరాటంలో సంఘంలో చేరిన రైతులు దేవుణ్ణి విడిచి రాలేదు. వెట్టి పోవాలనీ, దున్నేవానికి భూమి దక్కాలనీ వచ్చారు. వారి బొట్టును చూచి సంఘం తలుపు మూసివుంటే పోరాటమే లేదు.

నేడు చొప్పదండి ప్రాంతం నుంచి వేములవాడ పోయి రాజన్నకు కోడె మొక్కు చెల్లించే రైతును చూచి నవ్వే విద్యార్థి, ఆ రైతు అప్పెంతో అడగడు. అడిగితే మాట సాగుతుంది. మాట సాగితే ఆ మొక్కు వెనుక వున్న భయం తెలుస్తుంది. హేతువాదం అక్కడినుంచి మొదలు కావాలి గాని, వెక్కిరింతనుంచి కాదు. అభ్యుదయవాదులు గుర్తించవలసిన సంగతి ఇదే.