పడుగు పోసేవాడి బాధ్యత

1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా, ఇవాళ తమిళనాడులో ఉన్న మా గుడియాత్తం, వేలూరు, అటు చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటే. దానికి కేంద్రం చిత్తూరు. ఆ ముడి వల్లనేమో ఇప్పటికీ మా ఇళ్ళలో తెలుగే, బజార్లో తమిళం. మా గుడియాత్తానికి పేరు తెచ్చింది లుంగీలు. గళ్ళ లుంగీలో ఏ రంగుకు ఎన్ని పోగులో పడుగు పోసేటప్పుడే తేలిపోవాలి. మగ్గమెక్కాక పేక రంగు మార్చుకోవచ్చు గాని పడుగును కదపలేం. ఐటీ ఆర్కిటెక్ట్ అంటే ఏం చేస్తావని మావాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇదే.

ఈ పనికి ఒక రూపం వచ్చింది ఐబీఎం సిస్టమ్/360 అనే కంప్యూటర్ల శ్రేణితో. 1964 ఏప్రిల్ 7న దాన్ని ప్రకటించారు. అంతకుముందు యంత్రం మారిందంటే ప్రోగ్రాములు చాలావరకు మళ్ళీ రాసుకోవాల్సిందే. జీన్ ఆమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడ్ బ్రూక్స్ కలిసి, ప్రోగ్రాం రాసేవాడికి యంత్రం ఎలా కనబడాలో ముందు ఖాయం చేశారు. లోపల ఎలా కట్టాలన్నది ఒక్కో మోడల్ ఇంజనీర్లకు వదిలేశారు. బైట్‌కు 6 బిట్లు చాలని ఆమ్‌డాల్ వాదించాడు. చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలకూ చోటుండాలని బ్రూక్స్ 8 వైపు నిలబడి నెగ్గాడు. ఇవాళ నా ఫోన్లో ‘క’ అని కొడితే యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒక్కోటీ 8 బిట్లే. తెలుగు ఊసే లేని గదిలో జరిగిన ఆ నిర్ణయం మీదే మన అక్షరాలు నడుస్తున్నాయి. నాకది ఎప్పటికీ ఆశ్చర్యమే.

1987లో జాన్ జాక్‌మన్ సంస్థల సమాచార వ్యవస్థలకు ఒక ఆర్కిటెక్చర్ చట్రాన్ని ప్రతిపాదించాడు. అలాంటిదే మరో చట్రం, టోగాఫ్, 1995లో వచ్చింది.

మరి అర్హత? భవనాల ఆర్కిటెక్ట్‌కు మన దేశంలో 1972 చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ తప్పదు. మాకు అలాంటిదేమీ లేదు. వేలూరులో జి. విశ్వనాథన్ 1984లో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీయే నేటి వీఐటీ. సరిహద్దు అవతలి నుంచి తెలుగు పిల్లలు ఎందరో వచ్చి చదువుతారు. ఏ సర్టిఫికెట్ చేయాలి అన్నా, అని వాళ్ళు అడుగుతుంటారు. చేయండి, పదిమందితో మాట్లాడే భాష వస్తుంది. అయితే ముందు కొన్నేళ్ళు కోడ్ రాయాలి, అర్ధరాత్రి ఆగిపోయిన సిస్టమ్‌ను లేపాలి, డబ్బు పెట్టేవాళ్ళకు లెక్క చెప్పగలగాలి.

నా దగ్గరికి వచ్చినవాళ్ళను నేను ఒక కాగితం అడుగుతాను: ఏ దారి ఎంచుకున్నారు, ఏది ఎందుకు వద్దనుకున్నారు అని వాళ్ళే రాసిపెట్టినది. అది లేనివాళ్ళకు ఎన్ని సర్టిఫికెట్లున్నా పెద్ద సిస్టమ్ అప్పగించను.