బాబు: ఒక చిన్న మాట చరిత్ర

తెలుగింట ఉయ్యాలలో నిదురించు పసివాడు బాబు. ఉత్తరాంధ్రమున పెక్కు కుటుంబములలో తండ్రియు బాబే. జమీందారీ దివాణములలో దొర బాబుగారు. బిడ్డకును తండ్రికిని ఒకే పిలుపేమని వింతపడ నక్కరలేదు. తండ్రిని “నాయనా” యని పిలిచినవారే కొడుకును “నాయనా” యని లాలింతురు. తల్లికి తగిన “అమ్మా” యను పిలుపు కూతునకును చెల్లుచున్నది. ప్రేమయు గౌరవమును ఒక్క మాటలో ఒదుగుట మన భాషకు సహజము.

ఔత్తరాహ భాషలలో ఈ మాటకు చుట్టములు పెక్కు గలవు. హిందీలో బాప్, గుజరాతీలో బాపు: రెండును తండ్రిని దెలుపునవే. వంగదేశమున పేరు చివర “బాబు” చేర్చుట, మనము “గారు” చేర్చుట వంటిది. బీహారువారికి రాజేంద్రప్రసాదు రాజేన్ బాబు. ఒడిస్సా వారికి మధుసూదన దాసు మధుబాబు.

ఇట్టి గౌరవవాచకమునకు మచ్చ యెట్లు వచ్చినది? 1835లో ప్రభుత్వము ఆంగ్లవిద్యకు ప్రాధాన్య మొసగెను. ఆ చదువు చదివిన వంగీయులు కలకత్తా కచ్చేరీలలో వ్రాతపనికి కుదిరిరి. వారు లేనిదే దొరల పాలన సాగదు. కాని వారు తమ భాషలో తమతో సమానముగ మాటలాడుట దొరలకు రుచింపలేదు. 1886లో వెలువడిన యూలు, బర్నెలుల “హాబ్సన్-జాబ్సన్” నిఘంటువు ఈ మార్పును నమోదు చేసినది: మొదట మర్యాదవాచకమైన బాబు, ఆంగ్లేయుల నోట కొంత చులకనతో, ఇంగ్లీషు వ్రాయు దేశీయ గుమాస్తా యను అర్థమును పొందెను.

బంకించంద్రుడును “బాబు” అను వ్యాసమున దొరలను అనుకరించు స్వజనులను పరిహసించెను. ఆయన స్వయముగ డిప్యూటీ మేజిస్ట్రేటు. అది ఇంటివాని మందలింపు. దొరలది పైవారి యీసడింపు. రెండింటికిని భేదము కలదు.

1911లో రాజధాని ఢిల్లీకి మారునట్లు ప్రకటింపబడెను. కచ్చేరీలతో పాటు వంగీయోద్యోగులును తరలివచ్చిరి. ఉత్తరదేశపు కార్యాలయములలో నేటికిని పెద్దగుమాస్తా “బడే బాబు”. పత్రికలు మాత్రము అధికారవర్గమును ఎత్తిపొడుచుటకు “బాబులు” అని వ్రాయుచునే యున్నవి.

తెలుగున ఆ వృత్తికి పారసీకమునుండి వచ్చిన “గుమాస్తా” యను మాట స్థిరపడెను. కనుక మన బాబునకు ఆ మచ్చ సోకలేదు. పగలెల్ల కార్యాలయమున బాబు అనిపించుకొన్న తెలుగు ఉద్యోగి, సాయంకాలము ఇల్లుచేరి తన బిడ్డను ముద్దుగా పిలుచునది ఆ మాటతోనే.