అచ్చుకాని తొలి తెలుగు బైబిలు

బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే బైబిలు మొత్తాన్ని తెలుగు చేశాడు. జర్మనీలోని హాలె నుంచి తరంగంబాడి మిషన్‌కు వచ్చి, ఆ తర్వాత మద్రాసుకు మారిన లూథరన్ మిషనరీ ఆయన. కాని తెలుగులో సంపూర్ణ బైబిలు అచ్చయి బయటికి వచ్చింది 1854లో. నూట ఇరవై ఏళ్లకు పైబడిన ఈ జాప్యానికి తెలుగు అచ్చు అక్షరాలు లేకపోవడమే కారణమని అనవచ్చు. అయితే స్వదేశానికి తిరిగి వెళ్లాక షుల్జే హాలెలో తెలుగు అక్షరాలు పోత పోయించి, 1746 నుంచి చిన్న చిన్న మతగ్రంథాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా లెక్కకు వచ్చేవి అవే. బైబిలంత పెద్ద గ్రంథానికి అయ్యే ఖర్చు వేరన్నది నిజమే. కాని అంత ఖర్చుకు సాహసించాలంటే పుస్తకం కోసం ఎదురుచూసే పాఠకులుండాలి, తప్పులు దిద్ది పనిని ముందుకు నడిపేవారుండాలి. తెలుగునాట ఆ ఏర్పాటు అప్పటికింకా లేదు. అనువాదం నిలవాలంటే అనువాదకుడి పట్టుదల ఒక్కటే చాలదని, దాని చుట్టూ మనుషులు కావాలని నా వాదన.

విశాఖపట్నంలో జరిగింది దీనికి సాక్ష్యం. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ 1805లో అక్కడ దిగారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ వారి అనువాదానికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. అయినా పని ఆగలేదు. మూడు సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే విశాఖ మిషన్‌కు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఇందుకు ఘనత అచ్చుయంత్రానిదీ డబ్బుదీ కాదా అంటే, శ్రీరాంపూర్‌ సంగతే చూడాలి. అక్కడ మిషనరీ విలియం కేరీకి సొంత ముద్రణాలయం ఉంది, పండితులు ఉన్నారు. ఆయన కూడా 1818లోనే తెలుగు కొత్త నిబంధన, 1821లో మోషే పంచకాండాలు అచ్చు వేశాడు. కాని ఆ తెలుగు పని అంతటితో ఆగింది. బెంగాల్లో కూర్చుని తెలుగు పాఠకులతో నిత్యం మాటామంతీ సాగించడం ఎవరికైనా కష్టమే. ఆ సౌలభ్యం విశాఖ, మద్రాసు, నెల్లూరు మిషన్లకు ఉంది. తర్వాతి దశాబ్దాల్లో జాన్ హే విశాఖలో, లైమన్ జూయెట్ నెల్లూరులో పాత పాఠాలను సవరించగలిగింది అందుకే.

ఇలా చూస్తే, ఎవరు ముందు అనువదించారన్నది ఈ చరిత్రలో చిన్న ప్రశ్న. ఎవరి పని ఎవరు అందుకున్నారన్నదే అసలు విషయం. అందుకున్నవారిలో మిషనరీల పేర్లు పుస్తకాలకెక్కాయి. పక్కన కూర్చుని వాక్యం సరిచేసిన తెలుగువారిలో ఆనందరాయర్ వంటి కొద్దిమందే మనకు తెలుసు. ఆ లోటు పూడ్చనిదే తెలుగు బైబిలు చరిత్ర పూర్తయినట్టు కాదు.